వచ్చేటప్పుడూ నలభై పెట్టెలే

మా మేనత్త ఇరవై తొమ్మిదేళ్ళుగా కాటా దగ్గర కూర్చుంటోంది. కాటా అంటే కూరగాయల కొట్లో తక్కెడ అనుకునేరు. బండిని బండిగా ఎక్కించి తూచే కాటా. కొండ దిగే రోడ్డు మొదలయ్యే చోట, రేకుల కప్పు కింద, నేలకి సమానంగా పరిచిన పొడవాటి ఇనుప పలక. దాని పక్కన ఒక గది, గదికి ఒక కిటికీ, కిటికీలో అత్త. లారీ డ్రైవర్లు ఆమెని ఎదురుగా కాటా అక్క అంటారు. కొంచెం దూరం పోయాక ఇంకో మాట అంటారు. ఆ ఇంకో మాట నేనూ అన్నవాణ్ణే కాబట్టి వాళ్ళని తప్పు పట్టను.

అసలు గొడవంతా ఆమె ప్రశ్నలతో. ఎక్కడైనా కాటా అంటే బండి ఎక్కిస్తాం, అంకె చూస్తాం, చీటీ తీసుకుంటాం, పోతాం. అత్త దగ్గర అలా కుదరదు. బండిలో ఎవరెవరు కూర్చుంటారు? వెనక ఏం తగిలిస్తారు? ఏ రోడ్డున పోతారు? వచ్చేటప్పుడు ఏం తెస్తారు? ఈ నాలుగూ అడిగి, జవాబులు పుస్తకంలో రాసుకున్నాక గానీ మీట నొక్కదు. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరని ఒక డ్రైవరు అంటే, "పెళ్ళి చెడితే ఇంటికొచ్చేస్తారు. బండి చెడితే?" అందట.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ప్రయాణం చేసే మనుషులంతా బండిలో కూర్చున్నాకే తూస్తుంది. ఒకసారి ఒక కుటుంబం వచ్చింది. అందులో ఒక భారీ పెద్దావిడ, తన బరువు కాటాకి ఎందుకు తెలియాలని బండి దిగి, చెట్టు కింద నిలబడిందట. అత్త కిటికీలోంచి తొంగిచూసి, "ఆవిణ్ణి ఇక్కడే వదిలేసి వెళ్తున్నారా? అయితే సరే, రాసుకుంటాను" అంది. పెద్దావిడ గొణుక్కుంటూ మళ్ళీ ఎక్కింది. అలాగని అత్త మనిషి పరువు తీసే రకం కాదు. మనుషులున్న బండి అంకె ఎప్పుడూ పైకి చదవదు. చీటీ మడిచి చేతికిస్తుంది. పైకి చెప్పేది రెండే మాటలు. సరిపోయింది, లేదా ఎక్కువైంది.

నేను తేనెటీగలు పెంచుతాను. నా ఈగలు శాంతమూర్తులు. నాకే ముక్కు మీద కోపం. మా ఆవిడ అంటుంది, పెట్టెల దగ్గర ముసుగు నేను వేసుకోవడం కాదు, నా దగ్గరికొచ్చేవాళ్ళు వేసుకోవాలని. ఆ కోపంలో పెద్ద వాటా అత్తదే. నా పెళ్ళికి ఆమె రాలేదు. కొండ మీంచి మా ఇంటికి రెండు గంటల ప్రయాణం. డ్యూటీ ఉందని కబురు పంపింది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా అది నా కడుపులో అలాగే ఉంది. తర్వాత ఎన్నిసార్లు రమ్మన్నా అదే డ్యూటీ. లోకంలో ఇంకెవరూ బండ్లు తూయడం లేనట్టు.

కిందటేడు ఎండాకాలం ముందు ట్రైలర్ కొన్నాను. మాకు చిన్న సరుకుల బండి ఒకటుంది, ముందు ముగ్గురు కూర్చోవచ్చు, వెనక తొట్టిలో సామాను. దానికి ట్రైలర్ తగిలిస్తే నలభై పెట్టెలూ ఒకేసారి కొండమీది పొద్దుతిరుగుడు చేలకి తీసుకుపోవచ్చు. ఈగలకి పూలు, నాకు తేనె. మా వీధి వెల్డరు బండి వెనక మంచి హుక్కు చేసి పెట్టి, దాని మీద మూడు టన్నులని ముద్ర కూడా కొట్టాడు. ఆ ముద్ర చూసుకుని మురిసిపోయాను.

పెట్టెలతో కొండెక్కి కాటా దగ్గర ఆగితే, అత్త ఆ ముద్ర చూసింది. మురవలేదు.

"హుక్కు మూడు టన్నులు లాగుతుందంటే అది హుక్కు గొప్ప. లాగాల్సింది బండి కదరా. బండి ఎంత లాగుతుందో బండిని అడిగావా?"

"బండి మాట్లాడుతుందా అత్తా?"

"మాట్లాడుతుంది. తలుపు తీసి చూడు."

డ్రైవరు తలుపు తీస్తే, ఆ అంచున గోరంత అక్షరాల రేకు ముక్క ఒకటి అతికించి ఉంది. ఆరేళ్ళుగా ఆ తలుపు తీస్తున్నాను, వేస్తున్నాను. ఎన్నడూ చదివిన పాపాన పోలేదు. అత్త వేలు పెట్టి చదివించింది. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి రెండు వేల ఏడు వందల కిలోలు దాటకూడదు. వెనక లాగేది పదిహేను వందలు దాటకూడదు. బండీ ట్రైలరూ రెండూ కలిపి నాలుగు వేలు దాటకూడదు.

నేను గబగబా కూడాను. "రెండు వేల ఏడొందలూ, పదిహేనొందలూ కలిపితే నాలుగు వేల రెండొందలు కదా. వీళ్ళకి కూడికలు రావా?"

"వచ్చు. బండి నిండుగా ఉంటే వెనక తక్కువ లాగమని. వెనక నిండుగా ఉంటే బండిలో తక్కువ పెట్టమని. రెండూ నిండుగా కావాలంటే కుదరదని." కొంచెం ఆగి అంది. "చాలామంది రెండు అంకెలు చదివి మూడోది వదిలేస్తారు."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె చూపు నా మీద లేదు. బండిలో కూర్చున్న మా నాన్న మీద ఉంది. అప్పుడు నేను పట్టించుకోలేదు. నాన్న ఎటో చూస్తున్నాడు.

మా నాన్నకి ఎడమకాలు సరిగా మడత పడదు. ఇరవై ఏళ్ళ కింద ఈ కొండ రోడ్డు మీదే ప్రమాదం. బ్రేకులు పోయాయని ఇంట్లో చెప్పాడు. మేమూ అదే నమ్మి, అందరికీ అదే చెబుతూ వచ్చాం.

ఆ రోజు తూకం బ్రహ్మాండంగా వచ్చింది. మేం కిందనుంచి వచ్చి కొండపైకి చేరాం. పెట్టె ఒక్కింటికి ఇరవై రెండు కిలోలు. ట్రైలర్ బరువుతో కలిపి పదమూడు వందల అరవై. బండిలో నేను, మా ఆవిడ, నాన్న, గుడారం, నీళ్ళ డ్రమ్ము. అన్నీ కలిపి మూడు వేల ఆరు వందల లోపే. అత్త నాలుగో ప్రశ్న అడిగింది.

"వచ్చేటప్పుడు ఏం తెస్తావు?"

"ఇవే. నలభై పెట్టెలు."

రాసుకుంది. సరిపోయింది అంది. నేను చీటీ జేబులో పెట్టుకున్నాను.

యాభై రోజులు పొద్దుతిరుగుడు చేల మధ్య ఉన్నాం. అంత మంచి ఏడు నా జన్మలో చూడలేదు. పెట్టె మూత తీస్తే చట్రాలన్నీ తెల్లటి మైనంతో మూసి ఉన్నాయి, అంచునుంచి అంచుదాకా తేనె. కొంత అక్కడే పిండి డబ్బాల్లో పోశాం. మిగతాది ఇంటికెళ్ళి తీరిగ్గా పిండుకోవచ్చని పెట్టెల్లోనే ఉంచాం. నా సంతోషానికి హద్దు లేదు. ఇక్కడే నా మట్టిబుర్ర ఎంత పనిచేసిందో చూడండి. తేనె కోసమే కదా కొండెక్కాను. పెట్టెలు బరువెక్కాలని పొద్దున లేచిన దగ్గర్నుంచి కోరుకున్నాను. అవి బరువెక్కాక ఎత్తలేక నడుం పట్టేస్తే మా ఆవిడ చేత మందు కూడా రాయించుకున్నాను. అయినా ట్రైలర్ మీద పెడుతున్నప్పుడు నా లెక్క నలభై పెట్టెలనే ఉంది. మా పనిలో అందరం పెట్టెలే లెక్కపెడతాం. ఎన్ని పెట్టెలున్నాయని అడుగుతారు గానీ ఎన్ని కిలోలని ఎవరూ అడగరు. వెళ్ళేటప్పుడు నలభై. వచ్చేటప్పుడూ నలభై.

సాయంత్రం ఈగలన్నీ లోపలికి చేరాక గుమ్మాలు మూసి, గాలి కోసం జల్లెడ మూతలు పెట్టి, తెల్లవారుజామున బయల్దేరాం. మూసిన పెట్టెల్ని ఎండ ముదిరేలోగా ఇంటికి చేర్చాలి. లేకపోతే లోపల వేడెక్కి, మైనం కరిగి, తేనెలోనే ఈగలు మునిగి చస్తాయి. ఒక పెట్టె పోతే ఒక సంసారం పోయినట్టే. అందుకే నాకు కాటా దగ్గర ఆగడం ఇష్టం లేదు. నాన్నే ఆపమన్నాడు. "చెప్పి పోదాం, అక్క ఎదురుచూస్తూ ఉంటుంది" అన్నాడు.

అత్త గదిలోంచి బయటికొచ్చింది. బండి వెనక్కి నడిచింది. ట్రైలర్ టైర్లు చూసింది, కింద అణిగి పరుచుకున్నాయి. బండి వెనక భాగం కుంగి, ముందు దీపాలు ఆకాశం చూస్తున్నాయి. ఆమె నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. "ఎక్కించు" అంది.

ట్రైలర్ ఒక్కటే రెండు వేలు. మొత్తం నాలుగు వేల నాలుగు వందల యాభై.

"ఎక్కువైంది" అంది అత్త.

"ఎలా ఎక్కువవుతుంది? అవే పెట్టెలు! అవే నలభై!"

అనేశాక నా మాట నాకే వినపడింది. పెట్టె ముప్ఫై ఎనిమిది కిలోలు ఉంటుందని నా నడుముకి తెలుసు. నా నోటికే తెలియలేదు. కానీ తప్పు తెలిస్తే ఒప్పుకునే రకాన్నైతే నా గురించి ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు. ఇంకా పైకి లేచాను.

"నెమ్మదిగా దిగుతాలే అత్తా. పదకొండు కిలోమీటర్లు. ఏం కాదు."

"ఇక్కణ్ణుంచి బండి ట్రైలర్‌ని లాగదు. వెనకున్నది బండిని తోస్తుంది. నువ్వు బ్రేకు తొక్కుతూనే ఉండాలి. నాలుగు మలుపులు బాగానే ఉంటుంది. ఐదో మలుపు దగ్గర బ్రేకు కాలి మెత్తబడిపోతుంది. తొక్కితే నేలకి తగులుతుంది, బండి ఆగదు. సగం దించి పో."

"దించి? ఎక్కడ పెట్టను? ఇంకో రెండు గంటల్లో ఎండొస్తుంది. మాడి చస్తాయి. నా ఏడాది బతుకత్తా ఇది!"

"దించు."

అప్పుడు నోరు జారాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుంటున్నా ఆగలేదు. "నా పెళ్ళికి రావడానికి నీకు తీరిక లేదు గానీ, నా బతుకు ఆపడానికి మాత్రం బాగా కుదిరింది" అన్నాను.

అత్త మొహంలో రక్తం లేదు. బండి తలుపు తెరుచుకుంది. నాన్న మడత పడని కాలు ముందుగా దించి, తర్వాత రెండోది దించి, నా ముందు నిలబడ్డాడు.

"ఒరేయ్, నోర్ముయ్యి. నా కాలు పోయింది బ్రేకుల వల్ల కాదు. నావల్ల. ఆ రోజు ట్రైలర్ నిండా రాళ్ళు వేసుకొచ్చి, అదొక్కటీ తూచమని మీ అత్తని అడిగాను. పద్నాలుగు వందల ఎనభై వచ్చింది. పదిహేనొందల లోపే. చీటీ ఇచ్చింది. బండి తొట్టిలో సిమెంటు బస్తాలున్నాయి, ముందు ఇద్దరు కూలీలున్నారు. అవి నేను చెప్పలేదు, తను అడగలేదు. ఐదో మలుపు దగ్గర కొండకేసి కొట్టాను కాబట్టి ముగ్గురం బతికాం." నాన్న బండి తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "కబురు తెలిసి ఈ రోడ్డంతా నడిచి ఆస్పత్రికొచ్చింది మీ అత్త. బండెక్కలేక. మళ్ళీ నడిచే వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఈ కొండ దిగలేదు. నీ పెళ్ళికి రాలేదంటే అందుకే, నేనూ అడిగి ఇబ్బంది పెట్టలేదు."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఏం చెప్పమంటావు? అక్క తప్పని చెప్పనా? తను రాసింది సరైన అంకే."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకో పక్క తూర్పున ఎరుపు కనిపిస్తోంది. పెట్టెల్లోంచి హోరు పెరుగుతోంది. నేను అక్కడే రాయిలా నిలబడ్డాను. మా ఆవిడ అప్పటికే ట్రైలర్ తాళ్ళు విప్పుతోంది.

"ఎక్కడ దించాలి అత్తయ్యా?" అంది.

ఒక్క సంగతి చెప్పాలి. అత్తకి తేనెటీగ అంటే ప్రాణభయం. నేనెప్పుడు వచ్చినా, నా చొక్కాకి ఏదైనా ఒక ఈగ అంటుకుని ఉంటుందేమోనని కిటికీ రెక్క సగం మూసి మాట్లాడేది. ఆ అత్త తన గది తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది.

"ఇందులో పెట్టండి. ఫ్యాన్ ఉంది" అంది.

పద్దెనిమిది పెట్టెలు దించాం. బల్ల పక్కన, బీరువా ముందు, ఆమె మంచినీళ్ళ కుండ చుట్టూ, మనిషి తిరగడానికి అడుగు సందు వదిలి పేర్చాం. అత్త ఒక అట్టముక్క మీద ఈ రోజు కాటా లేదని రాసి గొలుసుకి వేలాడదీసింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎవరూ ఆ మాట చూడలేదు. అప్పుడే వచ్చిన లారీ డ్రైవరు దాన్ని రెండుసార్లు చదివి, కిందికి దిగి, "అక్కా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

మిగిలిన ఇరవై రెండు పెట్టెలతో మళ్ళీ కాటా ఎక్కాం. సరిపోయింది అంది. బరువైన పెట్టెలు ముందువైపు జరిపించింది. వెనక బరువుంటే దిగుడులో ట్రైలర్ తోక ఊపుతుందట, ఊపడం మొదలెడితే బండిని కూడా పక్కకి లాగేస్తుందట. ఐదో మలుపు దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి చూశాను. గట్టిగానే ఉంది. నాన్న వైపు చూసే ధైర్యం లేకపోయింది.

ఇంటి దగ్గర పెట్టెలు దించి, మా ఆవిణ్ణీ నాన్ననీ వదిలి, ఎండ వాలాక ఒక్కణ్ణే బయల్దేరాను. మధ్యాహ్నమంతా నిప్పులు కురిసింది. అన్నం సహించలేదు. పద్దెనిమిదిలో సగం మిగిలినా చాలనుకుంటూ కొండెక్కాను.

గది కిటికీకి తడి దుప్పటి వేలాడుతోంది. అత్త పడుకునే దుప్పటి. తలుపుకి తడి చీర. లోపల నేలంతా నీళ్ళు, ఫ్యాన్ తిరుగుతోంది, పెట్టెలన్నిటి మీదా తడి గోనెలు. ఆ అడుగు సందులో స్టూలు వేసుకుని అత్త కూర్చుంది, ఒళ్ళో చెంబు. ఎడమచెయ్యి మణికట్టు దాకా వాచి ఉంది.

చెవి ఆనించి ఒక్కో పెట్టె విన్నాను. పద్దెనిమిదీ బతికే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"అదొకటి మూల పగిలి ఉంది" అంది అత్త వేలితో చూపిస్తూ. "అందులోంచి రెండొచ్చాయి. ఒకటి కుట్టింది." ఆ పెట్టె మూల సందులో తెల్లగా ఏవో కుక్కి ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే తూకం చీటీలు, నాలుగు మడతలు పెట్టినవి.

"భయం వెయ్యలేదా?"

"వేసింది. అయితే?"

ఆమె పక్కన తడి నేల మీద కూర్చున్నాను. "పొద్దున అన్నది..." అని నీళ్ళు నమిలాను.

"అది సరేలే. నేను ఆలోచించేది ఇంకోటి" అంది. "నేను అడగాల్సింది అడిగాను. నువ్వు నిజమే చెప్పావు. అయినా ఇలా అయింది. మీ నాన్నప్పుడు అడగలేదని ఇన్నేళ్ళు నన్ను నేను తిట్టుకున్నాను. అడిగినా జారిపోతుందని ఈ రోజు తెలిసింది." వాచిన చేతిని రెండో చేత్తో నిమురుకుంది. "కొంచెం తేలిగ్గా ఉందిరా. ఎందుకో."

పెట్టెలు ట్రైలర్ మీదికెక్కించాం. ఒక చివర నేను, ఒక చివర ఆమె, వాచిన చేత్తోనే. వద్దంటే వినలేదు. కాటా మీదికి పోనిచ్చాను. అత్త కిటికీలోంచి అంకె చూసి, చీటీ మీద రాసింది. నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు. ఫ్యాన్ ఆపింది, గది తాళం వేసింది, ఒక చేతి సంచి పట్టుకుని వచ్చి నా పక్క తలుపు తీసి కూర్చుంది. సంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

"తాళం తీసుకుని వెళ్ళు. మళ్ళీ చూసి రా" అంది.

"ఏం చూడాలి?"

"కాటా. ఇందాక నేను లేను కదా. మనుషులు ఎక్కాకే తూయాలి."

"నేను దిగితే నా బరువు పోతుంది కదా?"

"నీది డెబ్బై ఆరు. కలుపుకో."

ఎప్పుడు చూసి పెట్టుకుందో అడగలేదు. తాళం తీసి, ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె కిటికీలోంచి చూశాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఊరి బండ్లన్నిటినీ తూచిన మనిషి, మొదటిసారి ఆ పలక మీద, బండిలో, ముందుకి చూస్తూ కూర్చుని ఉంది. అంకె వచ్చింది. డెబ్బై ఆరు కలిపాను. చీటీ రాసి, మడిచి, బండి కిటికీలోంచి ఆమె చేతికిచ్చాను.

రెండో గేరులో దిగాం. నాలుగు మలుపులూ దాటాం. ఐదోదాని దగ్గర కళ్ళు మూసుకుంటుందనుకున్నాను. మూసుకోలేదు. కొండ వైపు, ఆ రాళ్ళ వైపు, మెడ తిప్పి మరీ చూసింది. బ్రేకు మీద నా కాలు గట్టిగా ఆనింది, బండి చెప్పినట్టు వింది.

మా ఇంటి గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. అత్త దిగడం చూసి గేటు కమ్మీ పట్టుకున్నాడు. ఆమెని పలకరించబోయి నా వైపు తిరిగాడు.

"ఎంత చూపించిందిరా?"

అత్త మడిచిన చీటీ పిడికిట్లో పట్టుకుని నన్నే చూస్తోంది.

"సరిపోయింది నాన్నా" అన్నాను.